వంతుల పలక మీద ఒక సున్న

ఈ ఏడు సప్తకు వంతుల పలక రాసే పని ఎప్పటిలాగే నాకే వచ్చింది. భజన మందిరం అరుగు మీద కూర్చుని, ఒళ్ళో పాత నల్లపలక పెట్టుకుని, సుద్దముక్కతో ఒక్కొక్క పేరే రాసుకుంటూ పోయాను. ఏడు రోజులు తెగకుండా నడిచే నామానికి ఎవరు ఏ గంట నిలబడి చిడతలు పట్టుకోవాలో మా గద్వాలలో ఆ పలకే చెబుతుంది. నాయన పోయినప్పటి నుంచి రాస్తున్న చేయి. మధ్యాహ్నం రెండో వంతు దగ్గర నా పేరు రాసింది, మూడో వంతు దగ్గర దానంతట అదే 'బాలమణి' అని రాసేసింది. రాశాక గుర్తొచ్చింది, బాలమణి పోయి నాలుగు నెలలయిందని.

పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటున్న నా మనుమరాలు శ్రావణి ఆ పేరు చూసి తడిగుడ్డ అందుకుంది. "తుడువాల్నా అమ్మమ్మా?" అంది. ఉండనియ్యమన్నాను. పోయినవాళ్ళ పేరు పలక మీద ఉండకూడదన్నది మా మందిరం నియమం. ఆ నియమం పెట్టింది మా నాయనే. అది తెలిసి కూడా పలకను హార్మోనియం పెట్టెకు ఆనించి అలాగే కూర్చుండిపోయాను. మందిరంలో అప్పుడే ఊదు వేశారు. పొగ నా మీదుగా వీధిలోకి పోతుంటే, ఆ వీధి ఇప్పటిది కాకుండా పోయింది. ఇరుపక్కలా మగ్గాల చప్పుడు, గంజి పెట్టి ఆరవేసిన నూలు వాసన, తడి పట్టు వాసన, వాటి మధ్య నుంచి వనపర్తి బస్సు దిగి చేతిసంచితో ఇంటికి నడిచి వస్తున్న ఒక సన్నటి పిల్ల. ఆ పిల్లను నేనే అనుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

ఆ వీధి నుంచి కాలేజీకి పోయిన మొదటి ఆడపిల్లను నేను. వనపర్తిలో మా మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. అత్త తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ దెబ్బల చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పొయ్యి ముందు కూర్చుని, కాలిన రొట్టె అంచు తుంచి పల్లి చట్నీలో ముంచి నోట్లో పెట్టుకుంటుంటే, "ఏం కోడలా, ఇయ్యాల ఎన్ని పీరియడ్లు?" అని అడిగేది. అయిదని చెబితే, "అయిదు గంటలు కూసోనికి ఇంత పొద్దుగాల రొట్టెలెందుకు కొట్టిపిస్తున్నవే నాతోని" అని తిట్టి, ఇంకో రొట్టె వేసేది. శనివారం మధ్యాహ్నం క్లాసు కాగానే బస్సెక్కేదాన్ని. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీదుగా వంతెన వస్తే బస్సులో సగం మంది చేతులు జోడించేవారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు గద్వాల వైపు తిరిగిందంటే చేతిసంచి ఒళ్ళోకి తీసుకునేదాన్ని.

ఇంటికి చేరగానే అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చేది. నాయన మాత్రం మగ్గం గుంటలో నుంచి లేవకుండానే, "ఈ వారం ఏం మాటలు తెచ్చినవ్ బిడ్డా?" అని అడిగేవాడు. చిన్నప్పుడు మూడు తరగతులు చదివి మగ్గం మీద కూర్చున్న మనిషి. పురాణం చదవడం, నలుగురిని కూర్చోబెట్టి అర్థం చెప్పడం మందిరంలో పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఊళ్ళో సప్తకు వంతులు కట్టేదీ ఆయనే. కాలేజీ ఎట్లా ఉంటుందో, ఎంత పెద్దదో ఆయన ఎన్నడూ అడగలేదు. అక్కడ వాడే మాటలు కావాలి ఆయనకు. నేను చెప్పిన ప్రతి కొత్త మాటనూ మగ్గం పక్క గోడ మీద బొగ్గుముక్కతో రాసుకునేవాడు. లీజర్, సెమినార్, రికార్డు, హాల్ టికెట్, బోనఫైడ్. అమ్మ పండగకు సున్నం వేసినా ఆ జాగా వదిలిపెట్టి వేసేది.

లీజర్ అనే మాట ఆయనకు మొదటి రోజే నచ్చింది. సారు రాని గంటను అట్లా అంటారని చెప్పాను. అమ్మ బజారుకు పోయి రమ్మంటే, "జర ఆగు, నాకిప్పుడు లీజర్" అనేవాడు. బోనఫైడ్ మాత్రం తేలిగ్గా మింగుడు పడలేదు. "మనం ఫలానా వాళ్ళమని ఇంకొకరు రాసియ్యాల్నా?" అన్నాడు. మగ్గం మీద నాడెను ఇటు నుంచి అటు నాలుగుసార్లు విసిరి, "రాసియ్యాలె లే. పైనున్న ఆ పెద్దాయన దగ్గర గూడ మన సంగతి మనమే చెప్పుకుంటే ఏం నమ్ముతడు" అని తనకు తానే ఒప్పుకున్నాడు. సప్లిమెంటరీ అంటే ఏమిటో చెప్పిన రోజు మగ్గం ఆపి విన్నాడు.

"తప్పినోళ్ళకు మల్ల పెడ్తరా?"

"పెడ్తరు నాయనా."

"ఎన్ని తాపలు?"

"పాసయ్యేదాంక."

ఆ శనివారం మందిరంలో పురాణం అయ్యాక ఆ మాట అందరికీ చెప్పాడు. హరి కూడా మనకు సప్లిమెంటరీ పెడుతూనే ఉంటాడని, జన్మలంటే అవేనని అన్నాడు. బడి ముఖం చూడని ముసలివాళ్ళు కూడా నిండుగా తలలూపారు. ఒక్క మాటే ఆయన గోడకెక్కలేదు. గైడులో ఇంపార్టెంట్ అని గీతలు గీసి ఉంటాయని, అవి చదివితే చాలని చెప్పాను. "మరి కడమయి ఎందుకు రాసిండ్రు పాపం" అని చాలాసేపు బాధపడి, దాన్ని రాసుకోకుండా వదిలేశాడు.

ఆ మాటల్లో సగం నాకు ఇచ్చింది బాలమణి. నాగర్‌కర్నూల్ అవతల ఒక మెట్ట ఊరి రైతుబిడ్డ. పొడుగ్గా ఉండేది, అరచేతులు గట్టిగా ఉండేవి. హాస్టల్లో ఉండేది, క్లాసులో నా పక్కనే కూర్చునేది. దస్తీలో వేయించిన పల్లికాయ మూటగట్టుకుని వచ్చి, సారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా ఒక్క కాయ చప్పుడు కాకుండా ఒలిచి నా చేతిలో పెట్టేది. కాలేజీ మాటలన్నిటికీ దానికి చేను కనిపించేది. నోట్సు రాసుడంటే కలుపు తీసినట్టే, నడుము వంచనిదే కాదనేది. డిక్టేషన్ ఇచ్చే సారును విత్తనాల గొర్రు అనేది, వెనక పడి పోతుండాలె, ఆగితే సాలు తప్పుతది అనేది. నన్ను 'భజన పిల్ల' అని మొదట పిలిచింది కూడా అదే. మాకున్న సాన్నిహిత్యాన్ని గురించి నేను అప్పట్లో పెద్దగా ఆలోచించలేదు. భక్తి తొమ్మిది విధాలని నాయన చెబుతుంటే వినడం, పాడడం, తలచుకోవడం అని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. ఎనిమిదో వేలి దగ్గర వచ్చే సఖ్యం అనే మాట బాలమణి పేరే అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రెండో ఏడు మాఘమాసంలో బాలమణి వాళ్ళ నాయన బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేలో పల్లికాయ పీకడానికి వచ్చి ఉంది. ఇంట్లో పెద్దబిడ్డ బాలమణే. "వారంల వస్త" అని చెప్పి బస్సెక్కింది.

మరునాడు చరిత్ర క్లాసు, రోజు హాజరు వేసేది ఆ క్లాసులోనే. ఆ సారుకు చూపు తక్కువ. రిజిస్టరు ముఖానికి దగ్గరగా పట్టుకుని, అంకెలు కాకుండా పేర్లే పిలిచేవాడు. ఒక్కొక్క పేరూ నిదానంగా, ఒకే శ్రుతిలో వచ్చేది. పిలవగానే జవాబు, మళ్ళీ పేరు, మళ్ళీ జవాబు. నా చెవికి అది అచ్చం మా మందిరంలా ఉండేది. ఆ రోజు "బాలమణి" అన్నాడు. జవాబు లేదు. ఆ ఖాళీ ఎంతసేపుందో చెప్పలేను, నాలుగు ఊపిర్లు కూడా ఉండదు. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను భయపడింది ఆ ఖాళీకే. అఖండ నామంలో ఒకరి చేతి నుంచి చిడతలు ఇంకొకరి చేతికి పోయేటప్పుడు నామం ఆగకూడదు. పిలిచిన మనిషి రాకపోతే, పక్కనున్న వాళ్ళు అతని వంతు పట్టుకోవాలి. అట్లా పట్టుకోవడం పుణ్యమని, ఖాళీ వదలడమే పాపమని పాలతోపాటు తాగి పెరిగాను. లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నాను. సారు తల ఎత్తకుండా రాసుకున్నాడు. తరువాతి పేరు పిలిచాడు. నామం తెగలేదు. నాకు చాలా తృప్తిగా ఉండింది.

క్లాసు వదిలాక వెనక బెంచీ పిల్లలు నన్ను చూసి నవ్వారు. "భజన పిల్ల ప్రాక్సీ కొట్టిందిరో" అన్నాడొకడు, మెచ్చుకోలుగానే. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ముందు బెంచీ అమ్మాయినడిగాను.

"ప్రాక్సీ తెల్వదా? ఒకరి అటెండెన్సు ఇంకొకరు చెప్పుడు. సారు పట్టుకుంటే ఇద్దరికీ పోతది. నీకు మస్తు ధైర్యమున్నది పో" అంది.

నేను తప్పు చేశానని ఆ పూటే తెలిసింది. తెలిసిన తరువాత మరునాడు మళ్ళీ బాలమణి పేరు వచ్చింది. మళ్ళీ లేచాను. మొదటి రోజు లేచింది నా అలవాటు, రెండో రోజు లేచింది నేనే. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. అది లేకుంటే పరీక్ష లేదు, ఏడాది పోతుంది. బాలమణి హాజరు ముందే అంతంత మాత్రం, వానకాలంలో కూడా నాట్లకని పోయి వచ్చింది. దాని ఏడాది నా గొంతులో ఉందనుకున్నాను. పదకొండు రోజులు దాని పేరుకు నేను పలికాను. పలికిన ప్రతి రోజూ సాయంత్రం అత్త ఇంట్లో దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే, దేవుని ముఖానికి బదులు రిజిస్టరు దగ్గరగా పట్టుకున్న సారు ముఖం కనిపించేది.

ఆ శనివారాలు నాయన అడిగితే కొత్త మాటలేం లేవన్నాను. ఒక వారం నమ్మాడు. తరువాతి వారం సప్త దగ్గరపడింది. మగ్గం మీద పూర్తి కావాల్సిన చీర ఉంది, పక్కన వంతుల పలక ఉంది. నాడె ఒక చేత్తో విసురుతూ, గుర్తొచ్చిన పేరల్లా రెండో చేత్తో రాస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాను.

"ఏం బిడ్డా, కాలేజీల మాటలు ఒడిసినయా?" అన్నాడు.

రాట్నం ఆపాను. "ఒకటున్నది నాయనా. ప్రాక్సీ."

"అంటే ఏంది?"

"ఒకరు రాకుంటే, వాళ్ళ పేరు విలిచినప్పుడు ఇంకొకరు పలుకుడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "గది మనదే గదనే. వంతు వట్టుడు. కాలేజీల గూడ ఉన్నదా?" అని బొగ్గుముక్క కోసం చెయ్యి చాపాడు. నేను తల వంచుకున్నాను. చాపిన చెయ్యి అట్లాగే ఆగింది.

"ఎవరిది వట్టినవ్?"

"బాలమణిది."

"పేరు చెప్పి వట్టినవా?"

మా నియమం ఆయన నాకు చెప్పనక్కరలేదు. ఇంకొకరి వంతు పట్టుకునేవాళ్ళు చిడతలు అందుకుంటూ, గుంపు నోట నామం నడుస్తుండగానే, "ఇది ఫలానా వారి వంతు, నేను పట్టుకున్న" అని అందరికీ వినబడేటట్టు చెప్పాలి. పలక మీద ఆ రాని మనిషి పేరు పక్కన సున్న చుట్టాలి. తన వంతు పట్టిన వాళ్ళ వంతు ఒకటి ఆ మనిషి తిరిగి పట్టిన రోజు, ఆ సున్నను సుద్దతో నింపాలి.

"సారుకు తెలుసునా?" అన్నాడు నాయన.

"తెల్వదు."

"మరి గది వంతు వట్టుడు గాదు బిడ్డా." అంతే అన్నాడు. కోపం లేదు. కానీ ఆ పూట మళ్ళీ నాడె విసరలేదు. గుంటలో కాళ్ళు పెట్టుకుని, సగం నేసిన అంచు మీద అరచెయ్యి వేసి కూర్చున్నాడు. ప్రాక్సీ అనే మాట మా గోడ మీదికి ఎక్కలేదు.

సోమవారం పొద్దున సారు గదికి పోయాను. పాత పుస్తకాల జిగురు వాసన, మూల కుండలో నీళ్ళు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా."

"తెలుసు సార్."

"ఆ అమ్మాయికి తెలుసా, నువ్వు ఇట్లా వచ్చి చెబుతున్నావని?"

తెల్వదన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరా పెన్ను తీసి, నేను చెప్పిన పదకొండు రోజుల మీదా ఒక్కొక్క సున్న చుట్టాడు. నన్ను ఏమీ చేయలేదు, పొమ్మన్నాడు. బయటికి వచ్చేసరికి ఎండ ఎంతో తేటగా ఉన్నట్టు, నేను స్నానం చేసి వచ్చినట్టు అనిపించింది. ఆ హాయిని తలచుకుంటే ఇవాళ్టికీ నాకు సిగ్గేస్తుంది.

బాలమణి వచ్చేనాటికి నోటీసు బోర్డు మీద షార్టేజ్ లిస్టు పెట్టారు. దాని పేరుంది. ఎర్ర సున్నల సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. నల్లా దగ్గర నీళ్ళు తాగుతున్న నా ముందుకు వచ్చి నిలబడింది. ఎండకు ముఖం కమిలిపోయింది, గోళ్ళలో ఇంకా మన్ను ఉంది.

"నా పేరు మీద పలికేటప్పుడు నన్ను అడిగినవా రంగీ?"

"లేదే."

"కొట్టేపిచ్చేటప్పుడు అడిగినవా?"

నేను నల్లా కట్టేశాను.

"నీ దేవుని కాడ నువ్వు మంచిదానివయినవ్. ఏడాది నాది పాయె" అంది. గొంతు ఎత్తలేదు. దస్తీ మూట నా చేతిలో పెట్టి పోయింది. నాకోసం ఊరి నుంచి తెచ్చిన పల్లికాయ. ఇవ్వకుండా పోలేకపోయింది కాబోలు.

దానికి ఇంకా ఒక దారి ఉండింది. కండొనేషన్ అనే మాట ఆ వారమే విన్నాను. జబ్బు చేసిందని డాక్టరు కాగితం తెస్తే, తక్కువైన హాజరును మన్నిస్తారు. లిస్టులో ఉన్న మిగతావాళ్ళందరూ తెచ్చారు. బాలమణి కూడా దవాఖాన దాకా పోయిందట, బెంచీ మీద కాసేపు కూర్చుని లేచి వచ్చేసిందట. ఎందుకు తేలేదని హాస్టలు పిల్లలు అడిగితే, "జొరం రానిదాన్ని, వచ్చిందని ఎట్ల రాపియ్యాలె? పల్లికాయ పీకిన అని రాయమంటే డాక్టరు ఇయ్యనంటుండు" అందట. మన్నింపు అనే మాటకు నేను మందిరంలో ఎన్నో అర్థాలు విన్నాను. అబద్ధం చెబితేనే దొరికే మన్నింపు ఒకటుందని, దాన్ని వద్దని లేచిపోయే మనిషి నా పక్క బెంచీలోనే ఉందని అప్పుడు తెలిసింది. నేను పరీక్ష రాశాను. అది రాయలేదు. డిటెయిన్ అయింది. ఆ మాట శనివారం నాయనకు నేనే చెప్పాను. ఆయన గోడ మీద రాయలేదు, అర్థమూ అడగలేదు. "ఆ పిల్లకు చెప్పకుండ పొయినవా సారు కాడికి?" అని మాత్రం అన్నాడు. చెప్పలేదన్నాను. "నేను గూడ చెప్పలేదు నీకు, ముందుగాల దాన్ని అడుగుమని" అన్నాడు. ఆ తప్పులో తన వాటా ఉందన్నట్టు అన్నాడు ఆ మాట.

మరో ఏడాది పాటు ఒకే కాలేజీలో ఉన్నాం, అది నాకు జూనియరు. ఎదురైతే తల తిప్పుకునేది. నేను ప్రతి రోజూ దాని పేరు మీద రామనామం రాసుకున్నాను. అది ప్రార్థనో ప్రాయశ్చిత్తమో నాకూ తెలియదు. మళ్ళీ మాఘం వచ్చింది, సప్త వచ్చింది. సప్త మొదలైన రోజే నాకు టైఫాయిడు పట్టి గద్వాల దవాఖానలో పడ్డాను. మూడో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిస్తే మంచం పక్కన బాలమణి కూర్చుని ఉంది. కల అనుకుని మళ్ళీ మూసుకున్నాను. నుదుటి మీద ఆ గట్టి అరచెయ్యి పడేదాకా నమ్మలేదు.

"ఎప్పుడొచ్చినవే?" అన్నాను.

"పొద్దుగాల. నీకు జొరమని కాలేజీల విని వచ్చిన. ముందుగాల మీ మందిరం కాడికి పోయిన. మీ నాయన పలక వట్టుకొని నిలవడ్డడు, రెండో వంతు నీదాయె. ఎవ్వరు లేస్తలేరు. నేను లేచిన."

"నీకు భజన వచ్చునానే?"

"రాదు. తాళం తప్పింది. ముసలోళ్ళు సంభాళించిండ్రు." దుప్పటి నా మీదికి లాగి, "అందరి ముందర చెప్పే వట్టిన. ఇది రంగనాయకి వంతు, నేను వట్టుకున్న అని. మీ నాయన నేర్పిండు. సరిపాయెనా, సీనియర్ మేడమ్?" అంది.

నేను ఏడ్చాను. అది దస్తీ విప్పింది గానీ, జ్వరం మనిషికి పల్లికాయ పెట్టకూడదని నర్సు తిట్టింది. బాలమణి ఒక్కటే కూర్చుని అంతా తినేసింది.

ఆ ఏడు పలక మీద నా పేరు పక్కన నాయన సున్న చుట్టాడు. బాలమణి వంతు ఒకటి నేను తిరిగి పట్టాలి. సప్త ఏడు రోజులూ నేను మంచం దిగలేదు. వచ్చే ఏడు చూసుకుందాంలే అన్నాడు నాయన. మరుసటి ఏడు నుంచి బాలమణికి కూడా పలక మీద వంతు వచ్చింది, నా తరువాతిది, మధ్యాహ్నం మూడోది. డిగ్రీ అయ్యాక దానికి అమ్రాబాద్ వైపు అడవి అంచున ఒక బళ్ళో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. నేను గద్వాలలోనే ఒక బళ్ళో చేరాను. పెళ్ళిళ్ళు, పిల్లలు, బదిలీలు. ఏం జరిగినా మాఘంలో ఆ మధ్యాహ్నానికి అది బస్సులు మారి వచ్చి నా ఎదుట నిలబడేది. నా చేతి నుంచి చిడతలు అందుకునేది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. తప్పితే కదా దాని వంతు నేను పట్టేది. ప్రతి ఏడూ కొత్తగా పలక రాసేటప్పుడు నా పేరు పక్క ఆ పాత సున్న మొదట నాయన, ఆయన పోయాక నేను మళ్ళీ చుట్టేవాళ్ళం.

"ఒక్క తాపన్న రాకుండుండవే, నా సున్న నిండుతది" అనేదాన్ని.

"నేనుండంగ నీ సున్న నిండదు పో" అనేది.

అదే మా హాస్యం. దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే ఎర్ర సున్నలు పదకొండూ కరిగిపోయాయో, లేక మా ఇద్దరి మధ్య అట్లాగే ఉండి మమ్మల్ని దగ్గరగా పట్టి ఉంచాయో నాకు తెలియదు.

"అమ్మమ్మా, ఏం ఆలోచిస్తున్నవ్?" అని శ్రావణి కదిపేసరికి ఊదు పొగ పలచబడింది. దానికి ఈ కథంతా చెప్పాను. అది ఇంజనీరింగు చదువుతోంది. దాని నోట్లో మిడ్స్, ఇంటర్నల్స్, క్రెడిట్స్, బ్యాక్‌లాగ్ అనే మాటలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని వారానికొకసారి కూర్చోబెట్టి ఎవరూ అడగరు. అడిగే తీరిక మాకు లేదో, చెప్పే తీరిక దానికి లేదో. మా రోజుల్లో ఒక్కొక్క మాటా బస్సెక్కి, వంతెన దాటి, ఇంటికి వచ్చి, గోడ మీద కూర్చునేది. నాయన పోయాక ఇల్లు కట్టించినప్పుడు ఆ గోడ కూడా పోయింది. పోయిన గోడ గురించి పెద్దగా బాధపడను, కానీ అడిగే మనిషి లేకపోవడం వేరు. ఆ పూట నేను అడిగాను.

"ప్రాక్సీ ఇప్పటికీ అంటరా మీరు?"

"అంటం గని కుదరదు అమ్మమ్మా. ఫోన్ల ముఖం చూపియ్యాలె. ముఖం చూసి అదే అటెండెన్స్ వేసుకుంటది." ఫోను పక్కన పెట్టి, "బ్యాక్‌లాగ్ అంటే తెలుసునా? తప్పిన సబ్జెక్టు. పైకి పోయినంక గూడ రాసుకోవచ్చు. ఎప్పుడన్న రాసుకోవచ్చు" అంది.

నాయన ఉంటే బొగ్గుముక్క అందుకునేవాడు.

సప్త మూడో రోజు మధ్యాహ్నం నా వంతు నడుస్తుండగా మందిరం నిండుగా ఉంది. గంట కావస్తుంటే చూపులు పలక వైపు పోతున్నాయి. పూజ చూసే వెంకటన్న నా దగ్గరికి వంగి, "అక్కా, పోయినోళ్ళ పేరు ఉండొద్దని మీ నాయన పెట్టిందే గద" అన్నాడు మెల్లగా. నిజమే. నియమం తెలిసి ఎవరికీ చెప్పకుండా దాటే పని ఒకసారి చేశాను, మళ్ళీ చేయదలచుకోలేదు. నామం గుంపుకు వదిలి, "ఈ ఒక్క పూటకు ఉండనీయండి, నేను అడుగుతున్న" అన్నాను అందరికీ వినబడేటట్టు. తాళాలు ఆగలేదు. ముసలి తలలు రెండు మూడు ఊగాయి. వెంకటన్న చేతులు జోడించి పక్కకు జరిగాడు.

నా గంట అయిపోయింది. చిడతలు పట్టుకున్న చెయ్యి అలవాటు కొద్దీ ముందుకు చాచాను. అందుకునే చెయ్యి లేదు. ఆ ఖాళీ మళ్ళీ వచ్చింది, నాలుగు ఊపిర్లు కూడా లేనిది. ఈసారి భయం వేయలేదు.

"ఇది బాలమణి వంతు. నేను పట్టుకున్న" అన్నాను.

ఒక గంట పాడాను. తాళం ఎక్కడన్నా తప్పి ఉంటే ముసలివాళ్ళు సంభాళించి ఉంటారు. అయిపోయి వచ్చి పలక దగ్గర కూర్చుంటే, శ్రావణి సుద్దముక్క అందించింది. నా పేరు పక్కన ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న సున్నను నింపాను. తెల్లగా, చిన్నగా నిండింది. ఇక మా మధ్య ఏమీ మిగల్లేదా అనిపించింది.

"అయిపాయెనా అమ్మమ్మా? ఇగ తుడువాల్నా పేరు?" అంది శ్రావణి.

"ఇంకా కాలేదు" అన్నాను. రాని వాళ్ళ వంతు ఇంకొకరు పట్టుకుంటే ఏం చేయాలో మా నియమంలో ఉంది. బాలమణి పేరు పక్కన ఒక కొత్త సున్న చుట్టాను. ఇప్పుడు తిరిగి పట్టాల్సింది అది. రేపు పైన ఆ పెద్దాయన దగ్గర నా పేరు పిలిచినప్పుడు నేను లేవడానికి కొంచెం ఆలస్యమైతే, ఆ గట్టి అరచేతులతో ఎవరు లేచి నిలబడతారో నాకు తెలుసు. తాళం తప్పుతుంది, ఫరవాలేదు. అందరి ముందూ పేరు చెప్పే పట్టుకుంటుంది.